గల్లీ అంతా విన్న ఫోను

కరోనా కాలంలో చాలామంది మనుషుల ప్రాణాలు కాపాడే పనిలో ఉన్నారు. నేను ఒక ఫోన్ కంపెనీ ప్రాణం కాపాడే పనిలో ఉన్నాను. వాళ్ల కోసం జనం డాబాలెక్కి చప్పట్లు కొట్టారు, పళ్లేలు మోగించారు. నాకెవరూ కొట్టలేదు. నన్ను కొట్టాల్సినవాళ్లు లేకపోలేదు గానీ, వాళ్లు కొట్టాల్సింది చప్పట్లు కాదు.

సూరత్‌లో ఆల్థాన్ వైపు, కొత్త అపార్ట్‌మెంట్ల మధ్య ఒక పెద్ద మొబైల్ షాపు ఉంది. లోపల ఒక్కో కంపెనీకి ఒక్కో కౌంటరు. ప్రతి కౌంటరు వెనకా ఆ కంపెనీ రంగు టీషర్టు వేసుకున్న ఒక కుర్రాడు. మాకు జీతమిచ్చేది షాపు కాదు, కంపెనీ. నా టీషర్టు మీది పేరు ఇక్కడ రాయను. రాసినా ఇప్పటి పిల్లలు గుర్తుపట్టరు. మా కంపెనీ అసలు జబ్బు కూడా అదే.

ఒకప్పుడు అట్లా కాదు. మేముండేది లింబాయత్‌లో. మా గల్లీలో ఉన్నవాళ్లంతా సిరిసిల్ల, కరీంనగర్, జగిత్యాల దిక్కు నుంచి సాంచెల పనికి వచ్చినవాళ్లు. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచె అంటారు. నా చిన్నప్పుడు గల్లీలో ప్రతి ఇంట్లో మా కంపెనీ ఫోనే. వెనక పెద్ద స్పీకరు. ఒక ఇంట్లో పాట పెడితే పది ఇళ్లకు పండగ. సాంచెల షెడ్డులో పక్కన పిడుగు పడినా తెలియదు గానీ, చొక్కా జేబులో ఆ ఫోను మోగితే గుండె మీద గుద్దినట్టు తెలిసేది. ఫోను కొన్న రోజున మా బాపు దానికి కుంకుమ బొట్టు పెట్టాడు. నేను పుట్టిన రోజున నాకు పెట్టాడో లేదో మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

తర్వాత వేరే కంపెనీలు వచ్చాయి. పల్చటి ఫోన్లు, నీళ్లలా కదిలే బొమ్మ. మా కంపెనీ ఆలస్యంగా నిద్రలేచి, తనూ టచ్ ఫోన్లు చేసింది. అందరూ తిని చేతులు కడుక్కుంటుంటే పెళ్లికి వచ్చిన చుట్టంలాగా ఉండేది దాని పరిస్థితి. షాపుకొచ్చిన పెద్దవాళ్లు నా కౌంటరు ముందు ఆగి, "అబ్బో, ఈ కంపెనీ ఫోను ఎంత మంచిగుండె!" అనేవాళ్లు. గుజరాతీలు గుజరాతీలో అనేవాళ్లు, మరాఠీలు మరాఠీలో అనేవాళ్లు. అన్ని భాషల్లోనూ భూతకాలమే. పొగిడి, నిట్టూర్చి, పక్క కౌంటర్లో కొనుక్కునేవాళ్లు. రోజంతా ఎవరిదో సంతాపసభలో నిలబడ్డట్టుండేది నాకు. తేడా అల్లా, ఇక్కడ చనిపోయినాయన తరఫున నేను టీషర్టు వేసుకుని నవ్వాలి.

పక్క కౌంటరు వాడు సూరత్‌లోనే పుట్టిన గుజరాతీ కుర్రాడు. వాడి కౌంటరు ముందు జనం, నా కౌంటరు ముందు ఫ్యాను గాలి. పొద్దున షట్టరు ఎత్తగానే, "భాయ్, తారీ కంపనీ హజీ జీవే ఛే?" అనేవాడు. నీ కంపెనీ ఇంకా బతికే ఉందా అని.

"ఉంది. నీ పెళ్లిలో నాట్యం చేసి పోతుంది" అని నేను హిందీలో అనేవాణ్ని.

మా కంపెనీ మళ్లీ పోటీలో నిలబడుతుందా అని ఎవరైనా నిజంగా తెలుసుకోవాలనుకుంటే, నా మాటలు వినక్కర్లేదు, నా ప్యాంటు జేబు తడిమితే చాలు. అందులో ఉన్న నా సొంత ఫోను పక్క కౌంటరు కంపెనీది. వాడి దగ్గరే కొన్నాను. "ఎవరికీ చెప్పను, రోజూ చాయ్ మాత్రం నీదే" అన్నాడు. అట్లా మా కంపెనీ పరువు రోజూ అద్దం గ్లాసులో పోసి వాడికి తాగించేవాణ్ని.

మొదటి లాక్‌డౌన్ ఎత్తేసి షాపు మళ్లీ తెరిచిన కొత్తలో, అహ్మదాబాద్‌లో కూర్చునే మా సాహెబ్ వీడియో మీటింగు పెట్టాడు. "కంపెనీ పోటీలో ఉంటుందా లేదా అన్నది ఇప్పుడు మీ చేతుల్లో ఉంది" అన్నాడు. నా చేతుల్లో ఉన్నది పక్కవాడి కంపెనీ ఫోను. ఆ మీటింగు చూసింది అందులోనే. మా కంపెనీ ఫోనులో చూసినవాళ్లకు సాహెబ్ నోరు సగం తెరిచి బొమ్మలా ఆగిపోయాడట. మాట మాత్రం గది దద్దరిల్లేలా వచ్చిందట. అమ్మకాలు లేని కౌంటర్లు నెలాఖరుకు మూసేస్తామన్న ముక్క అందరికీ సమానంగా వినిపించింది.

మామ షాపుకొచ్చింది ఆ నెలలోనే.

మామ మాకు చుట్టం కాదు. మా ఎదురుగదిలో ఉంటాడు. బాపూ ఆయనా ఒకే షెడ్డులో పక్కపక్క సాంచెల మీద ముసలివాళ్లవుతున్నారు, అంతే బంధుత్వం. మామ భార్యను నేను అత్త అంటాను. వాళ్లకు బడికి పోయే ఒక ఆడపిల్ల. మార్చి నెలలో అత్తా పిల్లా అత్త తల్లిగారి ఊళ్లో పెళ్లికని పోయారు. రెండు మూడు రోజుల్లో రావాలి. ఇంతలో దేశమంతా తాళం పడింది. ఆ పెళ్లయినవాళ్లు కొట్లాడుకొని, కలిసిపోయి, మళ్లీ కొట్లాడుకున్నారు. అత్తా పిల్లా ఇంకా అక్కడే ఉన్నారు. మామ దగ్గర బటన్ల ఫోను ఉండేది. దాంట్లో మొహం కనిపించదు కదా.

మాస్కు కట్టుకుని, చేతులకు సానిటైజరు రాయించుకుని, గుళ్లోకి వచ్చినట్టు షాపులోకి వచ్చాడు. వచ్చి నేరుగా పక్క కౌంటరులోని ఫోను చూపించాడు.

"అల్లుడా, గిసొంటిదే మా పక్క రూమోడు కొన్నడు. దాంట్ల మనుషులు మంచిగ కనవడ్తున్రు. పిల్ల మొకం జూడబుద్దైతున్నదిరా."

మామ అడిగింది మొహం. అంత స్పష్టంగా అడిగిన గిరాకీ నా ఉద్యోగ జీవితంలో లేడు. నేనేం చేశాను? మాస్కు లోపలి నుంచే అరిచాను. "మామా, గది పానం లేని ఫోను. నీకు ఇనవడదు. ఇది జూడు." మా కంపెనీ ఫోను తీసి, పాట పెట్టి, సప్పుడు చివరిదాకా పెంచాను. అద్దాల బీరువా గజగజలాడింది. గుమ్మం దగ్గరి సెక్యూరిటీ తాత ఉలిక్కిపడి నిలబడ్డాడు. ఫోను మామ అరచేతిలో పెట్టాను. అది చేతిలో కోడిపిల్లలా అదిరింది. మామ కళ్లు నవ్వాయి. నేను బొటనవేలు ఎత్తాను.

"సరే సరే" అన్నాడు మామ.

కెమెరా గురించి చెప్పాను, గ్యారంటీ గురించి చెప్పాను. అన్నిటికీ "సరే సరే." ఎదురుప్రశ్న వేయని గిరాకీ దొరకడం అదృష్టం అనుకున్నాను. పక్క కౌంటరువాడు నావైపు చూసి ఏదో అనబోయి, చాయ్ గుర్తొచ్చి ఆగిపోయాడు. మామను చూసి గల్లీలోంచి ఇంకొందరు వచ్చారు. మనోడే ఉన్నడు, మోసం జెయ్యడు అని. ఆ నెల నా కౌంటరు మూయలేదు. సాహెబ్ మీటింగులో నన్ను మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలును పక్క కంపెనీ ఫోనులో విన్నాను.

ఇక గల్లీలో ఏమైందో చెప్పాలి. సాయంత్రం షిఫ్టు దిగి, స్నానం చేసి, మామ గది ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకునేవాడు. ఫోను మోగేది. అత్త గొంతు గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు పోయేది. మా కంపెనీ స్పీకరు గొప్పతనం మీద నేను చెప్పినవన్నీ అక్షరాలా నిజమని రుజువైంది. ఊళ్లో ఏం కూర వండారో, ఎవరి బర్రె ఈనిందో, పిల్లకు జలుబు తగ్గిందో లేదో గల్లీ మొత్తానికి తెలిసేది. పక్కింటి అవ్వయితే మధ్యలో జవాబులు కూడా చెప్పేది. "అల్లం రసం తాపియ్యే పిల్లా!" అని ఆమె ఇక్కడ అరిస్తే, "తాపిచ్చిన పెద్దమ్మా!" అని అత్త అక్కడ అరిచేది. మామ ఇద్దరి మధ్యా ఫోను పట్టుకుని నవ్వుతూ తల ఊపేవాడు.

అట్లాంటి ఒక సాయంత్రం అత్త గొంతు కొంచెం మారింది.

"ఇగో, నేనొకటి అడుగుతున్న. ఆ గల్లీకి, ఆ రోగాలకు నాకు మళ్ల రాబుద్దైతలేదు. ఈడ నాకు బీడీల పని దొరికింది. అన్న గూడ ఉండుమంటున్నడు. పిల్లను ఈడి బడిల ఏద్దమా? ఇగ మేం ఈడ్నే ఉంటం, నువ్వు పండుగకో పబ్బానికో అచ్చిపోతుండు. నువ్వు సరే అంటేనే. లేకుంటే లేదు. ఏమంటవ్?"

కూరగాయలు కోసేవాళ్లు కత్తిపీట మీద చెయ్యి ఆపారు.

"సరే సరే. పైలం" అన్నాడు మామ.

మా అవ్వ, అమ్మను మేం అట్లాగే అంటాం, లోపలికి పోయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పక్కింటి అవ్వ, "మొగోడంటే వాడు. నోట్లకెళ్లి ఒక్క మాట ఎదురు రాలేదు" అంది. ఆ రోజు నుంచి గల్లీలో ఆడవాళ్లు మామను కొంచెం గౌరవంగా, కొంచెం జాలిగా చూడడం మొదలుపెట్టారు. కూర చేస్తే గిన్నెలో పంపేవాళ్లు. ఎవరూ ఆ సంగతి ఎత్తేవాళ్లు కాదు. పచ్చిపుండును ఎవరు కదుపుతారు? నేను మాత్రం నా గుణం కొద్దీ ఊరుకోలేదు. మర్నాడు మాస్కు కట్టుకుని షాపుకు పోతూ, "మామా, ఇగ నువ్వు బ్రహ్మచారివి. సంబంధాలు సూడాల్నా?" అన్నాను. మామ నవ్వి, "సరే సరే" అన్నాడు. ఎంత ధైర్యం మనిషికి అనుకున్నాను.

రెండో ఏడు వచ్చింది, జబ్బు మళ్లీ పెరిగింది. గల్లీ చివర బిల్డింగుకు కర్రలు అడ్డం కట్టారు. మా అవ్వకు దగ్గు పట్టుకుంటే ఇంట్లో కూడా మాస్కు పెట్టుకుంది. బాపు అన్నానికి కూర్చున్నాడు. అవ్వ ఏదో అడిగింది. బాపు పలకలేదు. మళ్లీ అడిగింది. బాపు విసుక్కున్నాడు.

"మూతికున్నది తియ్యే. ఇనవడ్తలేదు."

"నేను మూతికి పెట్టుకున్న. నీ చెవులకు పెట్టిన్నా?" అంది అవ్వ.

నేను పగలబడి నవ్వాను. అవ్వ మాస్కు కిందికి లాగి, "చారు పొయ్యాల్నా?" అంది. గొంతు పెంచలేదు. ఇంకా తగ్గించింది కూడా. బాపు "పొయ్" అన్నాడు. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

సాంచెల షెడ్డులో నోటి మాట వినిపించదు. అక్కడ మాట్లాడుకోవాలంటే పెదవులు పెద్దగా కదుపుతారు, అవతలివాడు చూసి అర్థం చేసుకుంటాడు. షెడ్డు ఈ మూలన ఒకడు బీడీ అడిగితే ఆ మూలన ఉన్నవాడు లేదంటాడు, మధ్యలో ఖటఖట రొద రొదగానే ఉంటుంది. అందరూ అట్లాగే మాట్లాడతారు కాబట్టి దాన్నెవరూ చెవుడు అనరు. ఏళ్ల తరబడి వినడం తగ్గుతూ, చూడడం పెరుగుతూ వస్తుంది, వాళ్లకే తెలియకుండా. ఇంట్లో మేం మాత్రం వాళ్లకు గట్టిగా చెప్పాలనుకుని అరుస్తాం. అరిచినప్పుడు పెదవులు బాగా కదులుతాయి కదా, అందుకని వాళ్లకు అర్థమవుతుంది. మేమేమో మా గొంతు గొప్పదనుకుంటాం. నేను మాట్లాడుతుంటే చిన్నప్పటి నుంచీ బాపు నా మొహంలోకి కన్నార్పకుండా చూసేవాడు. అబద్ధం పట్టుకోవడానికి చూస్తున్నాడనుకుని, అబద్ధాలన్నీ గోడవైపు తిరిగి చెప్పేవాణ్ని. అవన్నీ ఎట్లా పారాయో అన్నం పళ్లెం ముందు ఆరోజు తెలిసింది.

అన్నం చల్లారిపోతోంది. నా బుర్రలో షాపు తిరుగుతోంది. ఆరోజు మామ నా మాట ఒక్కటి కూడా వినలేదు. ఆయన చూసింది ఒక మాస్కును, దాని పైన రెండు కళ్లను, ఎత్తిన ఒక బొటనవేలును. మనుషులు మంచిగ కనవడే ఫోను కావాలని వచ్చినవాడికి, మనిషి నోరు తెరిచి ఆగిపోయే ఫోను ఇచ్చాను. వినడం తగ్గినవాడికి సప్పుడు పెంచితే సరిపోతుందనుకున్నాను. సాంచెల ఇంట్లో పుట్టి, సాంచెవాడి బువ్వ తిని పెరిగి, ఆ మాత్రం తెలియనివాణ్ని. పోనీ తెలియక అన్నానా? నా జేబులో ఏ ఫోనుందో నాకు తెలుసు కదా.

ఇంకో ఆలోచన దాని వెనకే వచ్చింది. మామ ఆ సాయంత్రం దేనికి సరే అన్నాడో మామకు తెలుసా?

చేయి కడుక్కుని ఎదురుగదికి పోయాను. తలుపు తెరిచే ఉంది. గది నాకు గుర్తుపట్టరాలేదు. గోడలకు లేత ఆకుపచ్చ రంగు. సున్నం వాసన ఇంకా పోలేదు. కిటికీ కింద ఒక చిన్న చెక్క టేబులు. రింగ్ రోడ్ మార్కెట్‌లో చీరల పార్సిళ్లు వచ్చే పెట్టెల చెక్క తెచ్చి, తనే చేశాడట. కాళ్లకు రందా పట్టి నున్నగా చేశాడు. ఒక మూలన పెట్టె మీది నల్ల అక్షరాలు ఇంకా మిగిలి ఉన్నాయి, వాటి మీద పిల్లల బొమ్మల స్టిక్కరు అంటించాడు.

"ఎట్లున్నది?" అన్నాడు మామ. "ఈడి బడులు తెరువంగనె వస్తరు గద. పిల్ల కిందకూసోని రాస్తె మెడ గుంజుతదట."

నేను మాస్కు లాగేసి, మొహం ఎదురుగా పెట్టి అడిగాను. "అత్త వస్తనన్నదా మామా?"

"అనకేం? రోజు అంటనే ఉన్నది."

అప్పుడే ఫోను మోగింది. చొక్కా జేబులో మోగితే మామ ఎగిరి పడ్డంత పనైంది. తీసి టేబులుకు ఆనించి నిలబెట్టాడు. నేను పక్కన నిలబడి మొదటిసారి ఆ తెర చూశాను. అత్త మొహం వచ్చింది, నవ్వింది, నవ్వు మీదనే ఆగిపోయింది. బొమ్మ కదలదు. మాట మాత్రం గోడలు తాకుతోంది. పిల్ల అక్కడి బడికి అలవాటు పడిందట, సార్లు మంచోళ్లట, వెనక గది పైకప్పు బాగుచేయించారట. "నువ్వు సరే అన్నంకనే గద పిల్ల పేరు రాయించింది. లేకపోతే నాకెందుకింత ధైర్యం?" అంటోంది అత్త. తెర మీద అత్త నవ్వుతూనే ఉంది. మామ ఆ నవ్వుకు తల ఊపుతున్నాడు.

"సరే సరే. పైలం."

ఫోను పెట్టేశాక అడిగాను. "ఏమన్నది?"

"గదే. జల్ది వస్తమంటున్నది. జూసినవ్ గద, ఎట్ల నవ్వుతున్నదో. వచ్చేటిదైతేనే గట్ల నవ్వుతది."

గల్లీలో ప్రతి ఆడమనిషికీ, ప్రతి పిల్లకూ తెలిసిన సంగతి, షెడ్డులో పనిచేసే మగవాళ్లకు తప్ప అందరికీ తెలిసిన సంగతి, అసలు తెలియాల్సిన ఆయనకు తెలియదు. ఆయన భార్య మాటే అది. ఆయన చేతిలోని ఫోనులోంచే వచ్చింది. ఆ ఫోను నేనిచ్చింది.

చెబుదామని నోరు తెరిచాను. మామ నా పెదవుల వైపు చూశాడు. చాలా శ్రద్ధగా చూశాడు. జీవితంలో ఏది జరిగినా ఒక జోకు నాలుక చివర తయారుగా ఉండేది నాకు. చావుల్లో కూడా ఉండేది, అందుకే నన్ను చావులకు తీసుకుపోయేవాళ్లు కాదు. ఆరోజు జోకు రాలేదు. నిజం కూడా రాలేదు. రెండూ రానప్పుడు మనిషి వ్యాపారంలోకి దిగుతాడు.

"మామా, నీ ఫోను ఖరాబైంది. నాది తీస్కో."

జేబులోంచి నా ఫోను తీశాను. మామ దాన్ని తిప్పి వెనక పేరు చూశాడు.

"ఇది ఆ పక్కోని కంపెనీది గద?"

"ఔ."

"నువ్వు ఇదే వాడ్తవా?"

"ఔ."

"మరి నాకు గదెందుకిచ్చినవ్?"

"సప్పుడు మంచిగస్తదని."

"సప్పుడెందుకురా నాకు? పొద్దుగాల్నుంచి మాపటిదాక సాంచెల కాడ ఉంటున్న. నాకు సప్పుడు తక్కువైందా?"

మా కంపెనీ ఎందుకు వెనకబడిందో సాహెబ్ మీటింగుల్లో పెద్ద పెద్ద కారణాలు చెప్పేవాడు. చైనా అనేవాడు, ధరలు అనేవాడు. ఎవరికి ఏం కావాలో అడగకుండా, ఒకప్పుడు మెచ్చుకున్నదే మళ్లీ మళ్లీ ఇంకా గట్టిగా మోగిస్తూ పోయాం. ఇది నాకు మామ గదిలో నిలబడి అర్థమైంది. మీటింగులో మాత్రం చెప్పలేదు. ఉద్యోగం కావాలి కదా.

మర్నాడు షెడ్డుకు సెలవు. పొద్దున్నే మామ సిమ్ము నా ఫోనులో వేసి, టేబులు మీద నిలబెట్టి, అత్తకు కలిపాను. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. బయట పక్కింటి అవ్వ అలవాటుగా పీట వేసుకుని కూర్చుంది.

అత్త మొహం వచ్చింది. కదిలింది. కనుబొమలు, ముక్కుపుడక, పెదవులు, అన్నీ కదిలాయి. మామ మొహం తెరకు దగ్గరగా పెట్టాడు. నా ఫోను స్పీకరు చిన్నది, గుమ్మం దాకా గొంతు సరిగా రాదు. నాకు కనిపించింది మామ ఒక్కడే. ఆయన పెదవులు అత్త పెదవులతో పాటు సన్నగా కదులుతున్నాయి, చదువుకునే పిల్లాడివిలాగా. ఒకచోట ఆగిపోయాయి.

"ఏమన్నవ్? మళ్ల జెప్పు."

ఇన్ని నెలల్లో మామ ఆ మాట అనడం అదే మొదటిసారి. అత్త మళ్లీ చెప్పింది. చాలాసేపు చెప్పింది. మామ చెయ్యి టేబులు అంచు మీదికి పోయింది. నున్నగా చేసిన చెక్కను వేలితో అటూ ఇటూ రుద్దుతూ ఉండిపోయాడు. మధ్యలో పిల్ల వచ్చి తెరలో దూరింది. ఏదో చెప్పింది, తన కొత్త దోస్తులను కాబోలు లాక్కొచ్చి చూపించింది. మామ నవ్వాడు. ఆ నవ్వు మాత్రం నిజమైనదే. పిల్ల పోయింది. మళ్లీ అత్త. ఈసారి ఆమె మాట్లాడలేదు, ఇతని మాట కోసం చూస్తోంది.

"సరే" అన్నాడు మామ.

ఎప్పుడూ రెండుసార్లు అనేవాడు. ఈసారి ఒక్కసారే.

బయటికొస్తే పక్కింటి అవ్వ నా చొక్కా పట్టుకుంది. "ఏం ఫోనిచ్చినవ్ రా వానికి? ఒక్క ముక్క ఇనవడితే ఒట్టు. పాతదే మంచిగుండె!" మా కంపెనీకి ఆ ఏడాదిలో దొరికిన నికార్సైన అభిమాని ఆమే. సాహెబ్‌కు చెప్పి ఉంటే సంతోషించేవాడు.

మామ పాత ఫోను నాకు తిరిగి ఇవ్వలేదు. దానికి ఇంకో సిమ్ము వేయించుకుని రెండూ ఉంచుకున్నాడు. "షెడ్డుకు ఇదే కావాలె. గుండె మీద గుద్దుతది, ఎవలో యాది జేసిన్రని ఎరుకైతది" అన్నాడు. కాబట్టి సాంచెల షెడ్డులో, చొక్కా జేబులో, మా కంపెనీని కొట్టే కంపెనీ ఇంకా పుట్టలేదని నేను ఇప్పటికీ గట్టిగా చెప్పగలను. పోటీ అంటారా, ఆ జేబంత చోట ఉంది. నాకేమో ఫోను లేకుండా పోయింది. మా కౌంటరులో గిరాకీలకు చూపించడానికి పెట్టిన గీతలు పడ్డ ఫోను ఒకటి తీసుకున్నాను. అప్పట్నుంచి మీటింగుల్లో సాహెబ్ నాక్కూడా నోరు తెరిచి ఆగిపోయేవాడు. నాకు దక్కాల్సిందే అది. పక్క కౌంటరువాడు అది చూసి, చాయ్ తనే తెప్పించాడు. ఆరోజు కంపెనీ బతికుందా అని అడగలేదు.

బస్సులు మళ్లీ సరిగ్గా నడవడం మొదలయ్యాక, మావాళ్లను ఊళ్లకు తీసుకుపోయే ట్రావెల్స్ బస్సు మీద ఆ టేబులు వేసి పంపాలనుకున్నాడు మామ. నన్ను తోడు రమ్మన్నాడు. బస్సు పైకెక్కి, మూటల మధ్య టేబులును తలకిందులుగా పెట్టి తాడు కడుతున్నాం. అడక్కూడదని తెలిసీ, మాస్కు దించి అడిగాను.

"మామా, ఆ రోజే నీకు ఇనవడి ఉంటే ఏమందువు?"

"వద్దందును" అన్నాడు, ముడి వేస్తూనే. "ఇప్పుడేమందును? పిల్లకు దోస్తులైన్రు. మీ అత్త మొకంల ఎన్నడు లేని కళ వచ్చింది. అన్నన్ని దినాలు సరే అనుకుంట, ఇయ్యాల కాదంటె మనిషిననిపించుకుంటనా?"

నేను మాస్కు పైకి లాక్కున్నాను. దాని లోపలే, తప్పైంది మామా అన్నాను. బస్సు ఇంజను మోగుతోంది. మాస్కు కదిలింది చూశాడు కాబోలు.

"సరే సరే" అన్నాడు.

అక్కడితో వదిలేయొచ్చు. అన్నానని నాకు ఉంటుంది, విన్నానని ఆయన నటిస్తాడు, ఇద్దరికీ సుఖం. నేను మాస్కు గడ్డం కిందికి దించి, మొహం ఆయన మొహానికి ఎదురుగా పెట్టి, పెదవులు పెద్దగా కదిపి, మళ్లీ అన్నాను. మామ నా పెదవులు ఆగేదాకా చూశాడు. నవ్వలేదు. తల ఊపలేదు. సరే అని కూడా అనలేదు.

"తాడు గట్టిగ గుంజు" అన్నాడు. "టేబులు ఊగుతున్నది."

గుంజాను.